కల్లూరు ఫ్లాటు కాగితం

ఎర్రగుంట్ల స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉంటే, పక్కనున్న పెద్దాయన నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. ఆయన సిమెంటు లారీ డ్రైవరట.

"ఇంగ్లీషులో ఉండాది సార్. ఏముందో చెప్తారా?"

కల్లూరులో తాను కొన్న ఫ్లాటును ఇష్టపూర్వకంగానే రద్దు చేసుకుంటున్నానని అందులో ఉంది. రేటు పెరిగేసరికి బిల్డరు దాన్ని ఇంకొకరికి అమ్మాలనుకుంటున్నాడని, తాను మాత్రం వాయిదాలన్నీ కట్టేశానని పెద్దాయన చెప్పాడు.

"సంతకం పెట్టకండి. అగ్రిమెంటు ఉంది, వాయిదాలన్నీ కట్టారు. ఆయన ఇష్టమొచ్చినట్టు రద్దు చేయడం కుదరదు. ఇలాంటి ఫిర్యాదులు వినడానికే రెరా ఉంది, అక్కడ కేసు వేయండి," అన్నాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. కేసు ఎట్లా వేయాలో కూడా అడిగి తెలుసుకున్నాడు.

"మా పాప గూడా ఇదే చెప్పింది సార్. కానీ నేను తోలే లారీ ఆ బిల్డరుదే. నా కొడుకులిద్దరూ ఆయప్ప కాడనే పని చేస్తాండారు."

కాగితం ఆయనకు తిరిగి ఇచ్చేశాను.

"పెన్నుందా సార్?"

ఇచ్చాను. కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, అక్షరం వంకర పోకుండా నిదానంగా సంతకం చేశాడు.

"తూర్పు వాకిలి సార్ అది. మా ఇంటామె శానా ఇష్టపడి తీసుకునింది," అన్నాడు.

పెన్ను లేదని చెప్పి ఉండొచ్చు కదా అని ఇప్పటికీ అనుకుంటాను.