దక్షిణపు గోడ లేని బండి

కారవాన్ గోడకు మేకు కొట్టకూడదు. ఈ పనిలో నేను మొదట నేర్చుకున్నది అదే. బయట రేకు, లోపల పలుచటి ప్లైవుడ్, ఆ రెంటి నడుమ థర్మాకోల్. మేకు దిగుతుంది గానీ నిలవదు. ఎడారిలో నాలుగు గుంటలు దాటేసరికి పటం నేల మీద ఉంటుంది. వేలి కణుపుతో గోడంతా తట్టుకుంటూ పోవాలి. డొల్లగా మోగినంత మేరా ఏమీ లేనట్టు. మోత గట్టిపడిన చోట లోపల చట్రపు కర్ర ఉన్నట్టు. స్క్రూ ఆ కర్రలోకే దిగాలి. పైన రెండు కొక్కేలు, కింది మూలలకు అంటుకునే పట్టీలు, అద్దం తీసేసి దాని బదులు అక్రిలిక్ రేకు. పటం ఊగకూడదు. ఊగిందంటే ఊడుతుంది.

ఖతర్‌లో గ్యాస్ పనులు జోరందుకున్న ఏళ్ళవి. చలికాలం రాగానే అక్కడి కుటుంబాలు చక్రాల మీది ఇళ్ళలాంటి ఈ కారవాన్లు తోలుకుపోయి ఎడారిలో నెలల తరబడి ఉంటాయి. వాటికి లోపలి పనులు చేసే కంపెనీలో నేను వడ్రంగిని. మా యార్డు బిర్కత్ అల్ అవామిర్‌లో. క్యాంపులో మంచాలు చాలక, ఎవరో వదిలేసిన పాత కారవాన్ ఒకటి యార్డు మూలన పడి ఉంటే, నన్నూ నా జోడీదారునూ అందులో ఉండమన్నారు. అతనిది మా పక్క మండలం. నాకంటే నాలుగేళ్ళు చిన్న. నన్ను 'పంతులన్నా' అని పిలిచేవాడు. నేను పంతుల్ని కాను. ఊళ్ళో చిన్ననాటి నుంచి భజన మండలిలో పెరిగినవాణ్ణి. గురువుగారి ముందు కూర్చుని స్తోత్రాలూ ఆచారాలూ నేర్చుకున్నవాణ్ణి. స్నానం, స్తోత్రం కానిదే చాయ్ కూడా ముట్టను. ఇప్పటికీ అంతే.

ఆ బండిలో చేరిన మొదటి శుక్రవారమే తూర్పు గోడకు నరసింహస్వామి పటం పెట్టాను. ఖాళీగా ఉన్న గోడ అదొక్కటే. పడమట అలమారలు. ఉత్తరాన మంచాలు, వాటి మీద కిటికీలు. దక్షిణాన తలుపు, స్టవ్వు, గిన్నెలు కడిగే తొట్టి. గోడ తట్టి తట్టి కర్రను పట్టుకుని, షేకుల బండ్లకు పెట్టినంత శ్రద్ధగా పెట్టాను స్వామిని. నా జోడీదారు దండం పెట్టుకుని, "మీ స్వామి మనకంటె నిమ్మళంగున్నడు పంతులన్నా, గోడంత ఆయనదే" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ ఎండాకాలంలో అతని భార్య చనిపోయింది. కడుపునొప్పి అని దవాఖానకు పోయిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. అతని పాస్‌పోర్టు ఆఫీసులో ఉంది. సెలవు అడిగిన ప్రతిసారీ ఫోర్‌మన్ 'మాఫీ, మాఫీ', లేదు పొమ్మని అరబ్బీలో చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడం ఆగేసరికి, పోయి చూడటానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

రెండు నెలలకు ఊరి నుంచి వచ్చిన ఒకాయన తువ్వాలలో చుట్టిన పటం తెచ్చి ఇచ్చాడు. రేషన్ కార్డు కోసం దిగిన చిన్న ఫొటోను పెద్దది చేయించి, అద్దం వేసి కట్టించారు. పట్టుచీర, మెడనిండా నగలు. అతను దాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"చీర స్టూడియోల అతికిచ్చిండన్నా. గింత మంచి చీర నేనెన్నడు కొనియ్యలే. మొకం మాత్రం ఆమెదే."

తర్వాత లేచి స్వామి పటం పక్కన చేత్తో కొలిచాడు.

"గీడ జరంత జాగ ఉన్నది. పెత్రమాస అస్తున్నది గదా. గోడకు పెట్టి ఇంత బువ్వ పెడ్త."

పెత్రమాస అంటే బతుకమ్మ మొదలయ్యే నాటి అమావాస్య. మా వైపు పోయినవాళ్ళకు ఆ రోజే పెట్టుకుంటాం. ఆమె పోయాక వస్తున్న మొదటి పెత్రమాస అది.

"పోయినోళ్ళ పటం దేవుని పక్కకు పెట్టద్దు తమ్మీ" అన్నాను. "దక్షిణం గోడకే ఉండాలె."

అతను వెనక్కి తిరిగి చూశాడు. "దక్షిణం గోడేదన్నా? గాడ తలుపున్నది."

"అందుకే ఆగుమంటున్న."

"తలుపుకే పెడ్దునా? తీసినప్పుడల్ల బయిటికి పోతది, ఏసినప్పుడల్ల లోపటికి అస్తది. బతికున్నప్పుడు గూడ గట్లనే తిరిగేది."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. ఆచారంతో ఆటలాడకూడదని గట్టిగానే చెప్పాను. అతను ఆ పటాన్ని తన లుంగీలో చుట్టి, మంచం కింది సొరుగులో పెట్టాడు.

ఆ శుక్రవారం అబూ హమూర్‌లో ఒక ఇంజనీరుగారి ఇంట్లో భజన. ప్రతి వారం అక్కడ కలిసేవాళ్ళం. భజన అయ్యాక నాలుగు మాటలు చెప్పమంటే ఈ సంగతే చెప్పాను. పేరు చెప్పలేదు, అంతవరకే నా దయ. పరాయి దేశంలో, చక్రాల మీద ఉన్న ఇంట్లో కూడా నియమం ఎలా నిలుపుకోవాలో చెప్పడానికి అతని దుఃఖాన్ని ఉదాహరణగా వాడుకున్నాను. అందరూ తలలు ఊపారు. ఇంజనీరుగారి భార్య ప్రసాదం పెడుతూ, "మీలాంటివాళ్ళు ఉండబట్టే ఇక్కడ కూడా పద్ధతులు నిలుస్తున్నాయండీ" అంది. ఆ మాట యార్డుకు చేరేదాకా బస్సులో నా పక్క సీట్లోనే కూర్చుని ఉంది.

పెత్రమాస నాడు డ్యూటీకి ముందు అతను అన్నం, పప్పు వండాడు. సొరుగు పూర్తిగా బయటికి లాగి, లుంగీ విప్పి, సొరుగు అంచు మీద పళ్ళెం పెట్టాడు. పటం వెల్లకిలా పడుకుని ఉంది. పళ్ళెం పటానికంటే ఎత్తులో ఉంది. అతను వంగి సొరుగులోకి చూస్తూ దండం పెట్టాడు. నేను అటు తిరిగి స్తోత్రం చదువుకుంటున్నాను. గొంతు కొంచెం పెంచాను కూడా.

ఆ తర్వాత నెలకు చలికాలం పనులు మొదలయ్యాయి. ఒక పెద్దాయన తన కొత్త కారవాన్‌లో పెట్టమని మూడు పటాలు తెచ్చాడు. బంగారు అక్షరాల దైవవాక్యం ఒకటి, డేగ ఫొటో ఒకటి, చనిపోయిన తన తండ్రి ఫొటో ఒకటి. తలుపు తీయగానే నాన్న కనబడాలన్నాడు. దైవవాక్యం ముట్టుకునే ముందు నేను చేతులు కడుక్కున్నాను. ఆయన తండ్రి పటానికి దాదాపు ఒక పూట పట్టింది. తలుపుకు ఎదురుగా కర్ర దొరక్కపోతే, గోడ లోపలికి కొత్త కర్ర ఎక్కించి మరీ పెట్టాను. నా జోడీదారు రసమట్టం పట్టుకుని నిలబడ్డాడు.

"పంతులన్నా, గిది ఏ దిక్కు?"

"నీటి బుడగ నడుమ ఉన్నదా లేదా, అది చూడు."

"నడుమనే ఉన్నది. ఊకెనే అడిగిన."

పెద్దాయన వచ్చి, తలుపు మూసి మళ్ళీ తీసి తండ్రి పటం చూసుకున్నాడు. తర్వాత ఖర్జూరాల డబ్బా తెరిచి, "యల్లా, తినండి" అని మా ముందు పెట్టాడు. నా జోడీదారు ఒక్క పండు తీసుకుని జేబులో వేసుకున్నాడు.

ఆ వారంలోనే రాస్ లఫాన్‌లో సైటు క్యాబిన్లు బిగించడానికి రెండు రోజులు పోయాం. మేము లేనప్పుడు, వరసకట్టిన కొత్త బండ్లకు దారి కోసం యార్డువాళ్ళు మా కారవాన్‌ను ట్రాక్టరుకు తగిలించి అడ్డంగా తిప్పారు. వచ్చినప్పుడు చీకటి, అలసట, మేము పట్టించుకోలేదు. తెల్లారితే శుక్రవారం. అతను బయట నిలబడి పళ్ళు తోముకుంటున్నవాడల్లా నోట్లో నురగతోనే లోపలికి ఉరికి వచ్చాడు.

"పంతులన్నా! దక్షిణం దొరికింది!"

ఎండ మంచాల మీది కిటికీల్లోంచి పడుతోంది. ఉత్తరం కాస్తా తూర్పయింది. స్వామి ఉన్న గోడ దక్షిణమైంది. అతను అప్పటికే సొరుగు లాగి, లుంగీ విప్పి, పటాన్ని కండువాతో తుడుస్తున్నాడు.

"స్వామిని తూర్పుకు జరుపన్నా. కిటికి మీద సరిపోతడు. గీ గోడ నువ్వు చెప్పిన గోడనే గదా."

కిటికీ మీద ఉన్నది జానెడు చోటు. అంత బాగా బిగించిన స్వామిని ఊడదీసి ఆ ఇరుకులోకి తోయడానికి నాకు మనసు రాలేదు. భక్తి అనుకున్నాను దాన్ని. ఇప్పుడు ఆ పేరుతో పిలవలేను. గోడ నాది అనిపించింది, అంతే.

"దేవునికి దిక్కులుండయి తమ్మీ" అన్నాను. "ఆయనే అందరికి దిక్కు."

నా నోటి నుంచి వస్తున్నప్పుడు ఆ మాట ఎంత నిండుగా అనిపించిందో. అబూ హమూర్‌లో అయితే తలలు ఊగేవి.

అతను తుడవడం ఆపాడు. నోటిలోని నురగను బయటికి పోయి ఉమ్మి వచ్చాడు.

"గంతేనా అన్నా. నీ స్వామికి దిక్కు లేకున్నా నడుస్తది. దిక్కులేకుండ సచ్చినదానికి మాత్రం దిక్కు గావాలె."

నేను స్వామిని జరపలేదు. అతను పటాన్ని మళ్ళీ లుంగీలో చుట్టాడు. వారం తిరక్కుండానే అతను ఫోర్‌మన్‌ను అడిగి రాస్ లఫాన్ సైటుకు మార్పించుకున్నాడు. పెట్టె చేత్తో, లుంగీ మూట చంకలో పట్టుకుని బస్సెక్కాడు.

నెలన్నర తర్వాత అక్కడ పని పడితే, కొక్కేలు, అక్రిలిక్ రేకు, పట్టీలు సంచిలో వేసుకుని అతని గదికి పోయాను. ఎనిమిది మంది ఉండే గది, ఒకదాని మీద ఒకటి మంచాలు. అతనిది కింది మంచం. పై మంచపు ఇనుప కడ్డీకి కరెంటు వైరుతో ఆ పటం వేలాడుతోంది. ఏసీ గాలికి అటూ ఇటూ కదులుతోంది. అది ఏ దిక్కని వెతకబోయిన నా కళ్ళను నేనే పట్టుకుని ఆపాను.

"సామాను తెచ్చిన తమ్మీ. అద్దం తీసి రేకేస్త. గోడకు పెడ్త. పడదు, ఊగదు."

"అద్దు, అన్నా" అన్నాడు. "ఊగనీ. గట్ల కదులుతుంటె మనిషి ఉన్నట్టే అనిపిస్తున్నది."

చాయ్ తాగించాడు. కోపంగా ఏమీ లేడు. మాట్లాడినంతసేపూ ఒక్కసారి కూడా 'పంతులన్నా' అనలేదు.

తిరిగి మా బండికి వచ్చాక, విప్పని ఆ సంచిలోంచే రెండు కొక్కేలు తీసి, కిటికీ మీద గోడ తట్టి చూశాను. మొదటి దెబ్బకే కర్ర దొరికింది. ఆ జానెడు చోటులో స్వామి చక్కగా పట్టాడు.