గేముల ప్రసాదు ఎంచిన మెషీను

యానాంలో చేతిలో పట్టుకుని ఆడే గేము మెషీను కొనాలనుకున్నవాడు దుర్గాప్రసాద్‌ని అడక్కుండా కొనడు. అడిగాక అసలే కొనడు. ఇన్నేళ్ళలో ఆయన సలహా విన్నవాళ్ళు ఎందరో ఉన్నారు గానీ, ఆ సలహాతో మెషీను కొని ఇంటికి పట్టుకెళ్ళినవాడు ఒక్కడూ లేడు. అయినా ఊళ్ళో ఆయనకి గేముల ప్రసాదని పేరు. పేరుకేముంది, ఎవరికైనా వస్తుంది.

మెట్టకూరులో ఆయనకి రొయ్యల మేత కొట్టుంది. తండ్రి కృష్ణమూర్తి తాళ్ళరేవు నుంచి వచ్చి పెట్టిన కొట్టు. దాన్ని నడిపేది మాత్రం భార్య పద్మావతి. చెరువుల వాళ్ళతో బేరాలాడేదీ, బస్తాలు దింపించేదీ, రొయ్యకి తెల్లమచ్చ తెగులొచ్చిందని ఏడుస్తూ వచ్చినవాడికి ధైర్యం చెప్పేదీ ఆవిడే. ప్రసాదు ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని, చైనావాళ్ళు కొత్తగా వదిలిన మెషీన్ల వీడియోలు ఫోనులో చూస్తూ వాటిని తిడుతుంటాడు. తిట్టడంలో ఆయనకి అలుపు లేదు.

ఆయనకి నచ్చిన మెషీను ఇంతవరకూ పుట్టలేదు. నిలువుగా ఉంటే వేళ్ళు ముడుచుకుపోతాయంటాడు. అడ్డంగా ఉంటే జేబులో పట్టదంటాడు. మడతపెట్టేదైతే మడత దగ్గర విరుగుతుందంటాడు. స్క్రీను బాగుంటే చిప్పు చెత్త, చిప్పు బాగుంటే బ్యాటరీ దండగ. అడవిపొలం నుంచి వచ్చిన ఆనంద్ అనే బ్యాంకు ఉద్యోగి ఒకసారి పాపం మర్యాదగా అడిగాడు, ఈ ఎమ్యులేటర్ అంటే ఏమిటండీ అని.

"పాత మెషీను వేషం కట్టే సాఫ్ట్‌వేరండి," అన్నాడు ప్రసాదు, ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు. "చిన్నప్పుడు టీవీకి తగిలించుకుని ఆడేవోళ్ళం చూడండి, ఆ డబ్బాలు ఇప్పుడెక్కడున్నాయి? ఇది నేనే ఆ డబ్బానని ఆటని నమ్మిస్తాదండి. ఆట నమ్మేసి నడిచిపోతాది."

"మరి హోంబ్రూ అంటేనండి?"

"కంపెనీవోడితో పని లేకుండా ఎవడింట్లో ఆడు కూర్చుని రాసుకున్న గేములండి. కొట్లో కొన్న పచ్చడికీ, ఇంట్లో పెట్టుకున్న ఆవకాయకీ తేడా లేదేటండి? అలాంటియ్యి ఎక్కించుకోనిచ్చే మెషీనే మెషీను. మిగతాయన్నీ పిల్లల గిలకలు. ఆయ్, ఇప్పుడు మాత్రం కొనకండి. వచ్చేనెల కొత్త మోడలొస్తంది."

ఆనంద్ వినయంగా తలూపి, ఇంటికి పోతూ పోతూ పిల్లలకి క్యారమ్ బోర్డు కొనుక్కుపోయాడు. బతికిపోయాడు.

బతికిపోనివాడు క్రిస్టోఫర్. దరియాలతిప్పలో పడవల ఇంజన్లు బాగుచేసే మెకానిక్, ప్రసాదుకి చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. చదువుకన్నా ఎక్కువగా, బజార్లో ఒకాయన టీవీ పెట్టి గంటకింతని గేములాడించే గదిలో గడిపారు. ఇప్పుడు సుగరు ముదిరి క్రిస్టోఫర్‌కి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు కాకినాడ వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. వెళ్ళిన ప్రతిసారీ నాలుగేసి గంటలు మంచం మీద పడుకోవాలి. గోదావరి మధ్యలో ఇంజనాగిపోయిన పడవ దగ్గరికి పానాలు నడుముకి కట్టుకుని ఈదుకెళ్ళిన మనిషికి ఆ పడక నరకమైపోయింది. "పీల్చేసిన నెత్తురు మళ్ళీ ఎక్కించేదాకా ఫ్యాను రెక్కలు చూస్తా పడుండాలి. నా వల్ల కాదు," అని ఎగ్గొట్టడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఒళ్ళు నొప్పులంటాడు, ఒకరోజు బస్సు దాటిపోయిందంటాడు. ఇలా మానేస్తుంటే ఒంట్లో నీరు చేరి ఊపిరాడక పోతాడని డాక్టరు అతని భార్య తెరేసాకి మొహం మీదే చెప్పేశాడు.

తెరేసా బతిమాలింది, తిట్టింది, మేరీమాతకి మొక్కుకుంది. చిన్నప్పటి గేముల కబుర్లొస్తే మొగుడి మొహంలో కళ రావడం ఎప్పుడో చూసింది కనక, కాకినాడలో కొట్లన్నీ తిరిగి ఎర్ర ప్లాస్టిక్ మెషీను ఒకటి కొంది. మందు పనిచేసింది. ఆ వారం మూడుసార్లూ క్రిస్టోఫర్ నోరెత్తకుండా వెళ్ళొచ్చాడు. ఆవిడ అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఇంకో నాలుగు పాత ఆటలు ఎక్కించి పెట్టమని దాన్ని మేత కొట్టుకి పట్టుకొచ్చింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ప్రసాదు దాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తాడు.

"ఎవడమ్మా దీన్ని నీకంటగట్టింది? తీర్థంలో పీపీలమ్మేవోడా?"

"కాదన్నయ్యగారూ, పెద్ద కొట్లోనే కొన్నానండి. ఆయనకి అక్కడ మంచం మీద..."

"మంచం మీదేటమ్మా, పాడె మీద పెట్టినా పనికిరాదిది!"

ఆ మాట ఎంత పాడు మాటో ఆయనకి తట్టలేదు. బస్తాలు లెక్కచూస్తున్న పద్మావతికి తట్టి, చేతిలో కాగితాలు బల్ల మీద విసిరికొట్టింది. ప్రసాదు అప్పటికే బొమ్మ సాగిపోయిందనీ, శబ్దం డబ్బాలో గులకరాళ్ళలా ఉందనీ, కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించుకునే వీలే లేదనీ ప్రవచనంలో పడ్డాడు. మధ్యలో తెరేసా రెండుసార్లు నోరు తెరిచింది. ఆయన మాటకి సందుంటే కదా!

"తిరిగిచ్చెయ్ చెల్లెమ్మా. నెల తిరక్కుండా అసలైంది నేను తెప్పిస్తాను," అన్నాడు. అక్కడితో ఆగక, క్రిస్టోఫర్‌కి ఫోను చేసి, "ఒరే, చిలకబొమ్మ పెట్టుకుని ఆడుకుంటన్నావంట, సిగ్గులేదేంట్రా?" అని పకపకా నవ్వాడు. నలుగురిలో ఆట వస్తువు పట్టుకోవడానికి మొదటే మొహమాటపడుతున్న మనిషి ఆ నవ్వుకి ముడుచుకుపోయాడు. తెరేసా మర్నాడు ఎర్ర మెషీను కొట్లో తిరిగిచ్చేసింది.

నెల తిరిగింది. రెండో నెలా తిరిగింది. ప్రసాదు ఎంచుతూనే ఉన్నాడు. ఆయన ఫోనులో ఇలాంటి ఘనులతో ఒక గ్రూపుంది. దేశం నలుమూలలా ఉన్న ఆ మహానుభావులందరికీ ఒకటే జబ్బు. ఒక మెషీను కొనాలని నిశ్చయించుకున్న రోజునే దానికన్నా మంచిది వచ్చేనెల వస్తోందన్న వార్త వాళ్ళకి చేరుతుంది. ఆగుతారు. అదొచ్చాక దాని తమ్ముడు వస్తున్నాడంటారు. మళ్ళీ ఆగుతారు. కొన్నవాడు కూడా కొత్తగా పుట్టినదాన్ని చూసి కొన్నందుకు ఏడుస్తాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చేతిలో లేని మెషీన్లో ఏ బొమ్మ ఏ రంగులో రావాలో పొద్దస్తమానం కొట్టుకు చస్తారు.

"ఒరే ప్రసాదూ, నాకు ఆ గోతులు దూకుతా పరిగెట్టే ఆట ఒక్కటుంటే చాల్రా," అన్నాడు క్రిస్టోఫర్ ఫోనులో.

"ఆ ముష్టి ఆటకైతే చేతి గడియారం సరిపోతాది. రేపు నీకు పెద్ద గేములు ఆడాలనిపిస్తే? రేపటి సంగతి చూసి కొనాల్రా ఎదవా."

"రేపటి సంగతా!" అని క్రిస్టోఫర్ ఫోను పెట్టేశాడు. ప్రసాదుకి కోపమొచ్చింది. వీడికోసం ఇంత కష్టపడుతుంటే కృతజ్ఞత లేదే అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. తన స్నేహం మీద ఆయనకి అనుమానం లేదు. కాకినాడకి ఒక్కసారైనా తోడు వెళ్ళలేదేమని ఎవరైనా అడిగితే, ఆసుపత్రి వాసన పడదండి నాకు, తల తిరుగుతాది అనేవాడు.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం ఆటో నడిపే ఇన్నయ్య కొట్టు ముందు బండాపి కబురు చెప్పాడు. క్రిస్టోఫర్ మళ్ళీ వరసగా మానేశాడట. తెల్లారేసరికి కాళ్ళు గుమ్మడికాయల్లా ఉబ్బి, ఊపిరాడక నోరు తెరుచుకుని గోడకి జారగిలబడిపోయాడట. ఇన్నయ్యే ఆటోలో పడేసుకుని కాకినాడ చేర్చాడు. ప్రాణం దక్కింది.

పద్మావతి మెత్తగా ఏమీ అనలేదు.

"మీరు ఎంచడం అయ్యేదాకా ఆ మనిషి ఉండొద్దాండీ? ఆ ఎర్రదేదో ఆయన చేతిలో ఉండనిస్తే మీ సొమ్మేం పోయింది?"

ఆయన ఆ పూటే మెషీను ఆర్డరు పెట్టాడు. మెషీన్లలో మేటిది, అద్దంలాంటి స్క్రీను, రెండు పక్కలా బొటనవేళ్ళతో తిప్పే స్టిక్కులు. అది వచ్చింది. రాగానే పట్టుకెళ్ళి ఇవ్వాలా వద్దా? ఇవ్వలేదు. కంపెనీవాడు పెట్టిచ్చిన సాఫ్ట్‌వేరు చండాలమని అది పీకేసి వేరేది ఎక్కించాడు. అదీ నచ్చక ఇంకోటి ఎక్కించాడు. మెనూలో అక్షరాలు మార్చాడు, వెనక రంగు మార్చాడు, ఒక్కో ఆటనీ రెండు నిమిషాలు తిప్పిచూసి ఆపేశాడు. క్రిస్టోఫర్ డయాలసిస్‌కి వెళ్ళే రోజు ఇంకా ఒక చిన్న సెట్టింగుందంటూ కూర్చుంటే, పద్మావతి చేతిలోంచి లాక్కుని సంచీలో పడేసి, సంచీ ఆయన మెడకి తగిలించింది.

"ఇప్పుడే బస్సెక్కండి. ఎక్కకపోతే మేత బస్తా మీదేసి కొడతాను."

కాకినాడలో ఆ హాలంతా మంచాలు, మంచానికొక డయాలసిస్ మెషీను. క్రిస్టోఫర్‌ని చూసి ప్రసాదు గుమ్మంలోనే ఆగిపోయాడు. భుజాలు జారిపోయి, మొహం మట్టిరంగులో, సగమయ్యాడు. ఎడమచెయ్యి దిండు మీద చాపి ఉంది. మోచేతి దగ్గర లావుపాటి సూదులు రెండు, వాటికి నెత్తురు పారే గొట్టాలు. పక్కన బల్ల మీద తెరేసా కూర్చునుంది.

"రారా, దారి తప్పావేంటి?" అన్నాడు క్రిస్టోఫర్.

ప్రసాదు మెషీను తీసి అతని ఒళ్ళో పెట్టాడు. గోతులు దూకే ఆట వెలిగింది. బొమ్మ నిజంగానే మిలమిల్లాడుతోంది. క్రిస్టోఫర్ కళ్ళు పెద్దవయ్యాయి. కుడిచేత్తో ఎత్తి పట్టుకున్నాడు. బరువుకి ఎడమ కొస కిందికి వాలిపోయింది.

"రెండో చేత్తో పట్టుకోరా," అన్నాడు ప్రసాదు.

"సూదులున్నాయి కదరా. ఈ చెయ్యి కదపకూడదు."

"మరి నడిపించే బటన్లు ఎడమ పక్కనున్నాయే?"

"అదే నేనూ చూస్తన్నాను."

ప్రసాదు ఆ చేతినీ, తను ఎంచిన మెషీనునీ మార్చి మార్చి చూశాడు. తెరేసా గొంతు పెంచలేదు గానీ ఇన్ని నెలల మంటా ఆ గొంతులో ఉంది.

"ఆ ఎర్రది ఒంటిచేత్తో పట్టుకుని, నొక్కి చూసుకుని మరీ కొన్నానండి అన్నయ్యగారూ. బటన్లన్నీ ఒక్క పక్కే ఉండేయి. ఆవేళ చెప్పబోతే మీరు విన్లేదు. ఒక్కసారి ఇక్కడికొచ్చి ఈయన్ని చూసుంటే, మీకు చెప్పాల్సిన పని కూడా లేకపోను."

ప్రసాదు చిప్పు గురించి, స్క్రీను గురించి లోకంలో ప్రతి గాడిదనీ అడిగాడు. ఆడేవాడికి ఎన్ని చేతులు ఖాళీగా ఉంటాయని అడగలేదు.

"ఇలా తే. సాఫ్ట్‌వేరులో బటన్లు మార్చేయొచ్చు. నడకంతా కుడిపక్కకి తెచ్చి, నాలుగు రోజుల్లో..." అంటూ చెయ్యి చాపాడు.

క్రిస్టోఫర్ మెషీను గుండెకి హత్తుకున్నాడు. "నీ చేతికిస్తే మళ్ళీ ఆర్నెల్లు. ఇది ఇక్కణ్ణుంచి కదల్దు, నువ్వూ కదలకు. కూర్చో. ఎడమ పక్క నువ్వు నొక్కు, కుడి పక్క నేను నొక్కుతాను."

ప్రసాదు మంచం అంచున ఒదిగి కూర్చుని మెషీను ఎడమ కొస పట్టుకున్నాడు. నడిపించడం ఆయన వంతు, దూకించడం క్రిస్టోఫర్ వంతు. ఆట మొదలైంది. మొదటి గోతి దగ్గర ప్రసాదు ఆగాల్సిన చోట పరిగెత్తించాడు. బొమ్మ గోతిలో పడింది. రెండోసారి పరిగెత్తాల్సిన చోట ఆపేశాడు. మళ్ళీ గోతిలోనే. మూడోసారి అసలు వెనక్కి నడిపించాడు.

"ఈ బటన్ కొంచెం గట్టిగా ఉన్నట్టుంది," అన్నాడు.

"ఆడలేనమ్మ మద్దెల ఓడందంట!" అని క్రిస్టోఫర్ పెద్దగా నవ్వాడు. డయాలసిస్ మెషీను కుయ్యిమంది, నర్సమ్మ చెయ్యి కదుపుతావా అని కేకలేసింది, పక్క మంచం ముసలాయన లేచి కూర్చుని చూడసాగాడు. "ఒరే, ఇన్నేళ్ళూ ఏం చేశావురా కొట్లో కూర్చుని? పదేళ్ళప్పుడు నాకంటే బాగా ఆడేవోడివి కదరా!"

తెరేసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ప్రసాదుకి తెలియలేదు. ఆయన గోతిలో పడుతూనే ఉన్నాడు. అందరూ తిడుతూనే ఉన్నారు. నర్సమ్మ వచ్చి సూదులు తీస్తుంటే, అప్పుడే అయిపోయిందా అన్నాడు క్రిస్టోఫర్.

చేతికి కట్టు కట్టించుకుంటూ అడిగాడు. "ఎల్లుండి వస్తావా?"

"కొట్టు ఉందిరా, పద్మావతి ఒక్కతే..."

"కొట్టు నువ్వెప్పుడు చూశావురా?" క్రిస్టోఫర్ మొహంలో నవ్వు లేదు. "ఇదిగో, నీకో సంగతి చెప్తన్నాను. నువ్వొస్తే నేనొస్తాను. నువ్వు రాకపోతే నేనూ రాను. ఎంచుకో."

తెరేసా ప్రసాదు వంక చూసింది.

"వస్తాన్రా," అన్నాడు ప్రసాదు.

"ఆడ్డం నేర్చుకుని రా," అన్నాడు క్రిస్టోఫర్.