మల్లన్న రాకెట్‌కు నేను పెట్టిన రబ్బరు బిళ్ల

ఈ సాయంత్రం గోదావరిఖనిలో టెన్నిస్ ఆడుతుంటే, మల్లన్న రాకెట్ బంతి తగిలిన ప్రతిసారీ టంగుమంటూ చిరాకు పుట్టించింది. మోత తగ్గించే రబ్బరు బిళ్ల, అదే డ్యాంపెనర్, నా దగ్గర ఇంకోటి ఉంటే, అడగకుండానే ఆయన రాకెట్ తీగల మధ్య ఇరికించాను. అప్పటినుంచీ ఆయన కొట్టిన బంతులన్నీ నెట్‌లోకే.

"వయసైపోయిందా అన్నా?" అని నవ్వాను.

మల్లన్న బిళ్ల పీకి నా చేతిలో పెట్టాడు.

"బొగ్గుబాయిల డ్రిల్లు మోతకు నా చెవులు సగం పోయినయ్ తమ్మీ. గా టంగుమనుడు ఇనవడితెనే బంతి ఎట్ల తగిలిందో తెలుస్తది."

ఇక్కడ అందరం అరిచే మాట్లాడుకుంటాం కదా, ఇన్నేళ్లుగా కలిసి ఆడుతున్నా ఆయన చెవుడు నాకు తెలియలేదు.

బిళ్ల ఇంకా జేబులోనే ఉంది. సిగ్గును తగ్గించే బిళ్ల మీలో ఎవరి దగ్గరైనా ఉందా?