రంగస్వామి బాగుందన్న బొమ్మ

ఎర్రగుంట్లలో కట్టబోయే ఇళ్ళకు కంప్యూటర్‌లో బొమ్మలు చేసిచ్చే శివలీలకు కోపం తొందరగా రాదు. వచ్చిందా, ఊరికే పోదు.

బిల్డరు రంగస్వామి సిమెంటు ఫ్యాక్టరీ పక్కన అపార్ట్‌మెంటు కట్టినప్పుడు ఆమె ఉన్నది ఉన్నట్టే చేసింది. వెనక పొగగొట్టం, చెట్ల ఆకుల మీద దుమ్ము, అన్నీ పెట్టింది.

"ఇట్లయితే కొనేటోళ్ళు పారిపోతారు. గొట్టం తీసేయ్, కొబ్బరిచెట్లు పెట్టు" అన్నాడాయన.

పెట్టింది. బొమ్మలోని ఆ చెట్లను చూసి, ఫ్యాక్టరీ పొగ అటు రాదని నమ్మి, శివలీల ఎదురింట్లో ఉండే జులేఖా బీ తన కొడుకు సంపాదనంతా పోసి ఫ్లాటు కొనింది. ఆరేసిన బట్టలు బూడిద పట్టి గట్టిపడిపోతుంటే వెళ్ళి నిలదీసింది. రంగస్వామి నలుగురి ముందరా చేతులు దులిపేసుకున్నాడు.

"ఉండేది ఉన్నట్ల చెయ్యమంటి. ఆ పిల్లే సోకులు పెట్టె."

ఆనాటి నుంచి శివలీల ఎదురుపడితే జులేఖా బీ మొహం తిప్పుకునేది. చిన్నప్పుడు చంకనెత్తుకుని తిప్పిన మనిషి! శివలీలకు కోపమొచ్చింది. రంగస్వామి పరువు వాడి చేతే తీయించాలనుకుంది.

సిగ్గులేని మనిషి కదా, పక్క స్థలంలో రెండో అపార్ట్‌మెంటుకు మళ్ళీ ఆమెనే పిలిచాడు. ఆయన గుణం ఆమెకు తెలుసు. ఫ్లెక్సీ పంపితే అందులో తన ఫొటో తప్ప ఇంకేదీ చూడడు. ఈసారి గొట్టం, పొగ, మసకబారిన కిటికీలు, నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల వరస, ఏదీ దాచకుండా చేసి పంపింది.

"నా ఫొటో ఇంగా పెద్దది చెయ్" అన్నాడు. చేసింది. "మీసం సరిగా కనపల్లేదు." మీసం నల్లగా దిద్దింది. "ఇప్పుడు శానా బాగుండాది, కొట్టించు."

ఆ పూట శివలీల హాయిగా అన్నం తినింది.

భూమిపూజ నాడు కొనడానికొచ్చిన జనం ముందు ఫ్లెక్సీ మీది గుడ్డ లాగారు. జనం బొమ్మను చూశారు, మొహమొహాలు చూసుకున్నారు, ఒకరి వెనక ఒకరు ఆటోలెక్కసాగారు. రంగస్వామి మొహం కందిపోయింది.

"ఏం బొమ్మ ఇది? ముందర దించు దీన్ని!"

"నువ్వు బాగుండాదంటేనే కదన్నా కొట్టించింది. దించుతాలే." శివలీల ఆయన వెనక పొగ కక్కుతున్న గొట్టం వైపు చెయ్యి చూపింది. "దాన్నెట్ల దించుతావు?"

రంగస్వామితో గొడవపడటానికే వచ్చిన జులేఖా బీ జనాన్ని తోసుకుంటూ దగ్గరికొచ్చింది.

"మొదటి బొమ్మలోనూ ఇది పెట్టింటివా బిడ్డా?"

"పెట్టింటి పెద్దమ్మా. ఈయనే తీపిచ్చె."

జులేఖా బీ శివలీల తల నిమిరి, కొంగు నడుముకు బిగించి, రంగస్వామి వైపు తిరిగింది.