మడపల్లి స్వామి మోకాళ్లు

2023 ఎండాకాలం. నంద్యాలలో ఒక ఎముకల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరి అప్పటికి చాలా ఏళ్లయింది. కత్తి పెట్టకుండా, వీలైనంతవరకు మాత్రలు లేకుండా, కదలికతోనూ వ్యాయామంతోనూ నొప్పి తగ్గించడం మా పని. ఆ వేసవిలో మా డాక్టరుగారు నా గదికి పంపిన ఒక మనిషిని ఇప్పటికీ ప్రార్థనలో తలుచుకుంటాను.

పేరు శేషాచార్యులు, అందరికీ స్వామి. అరవై దాటినవారు. ఆళ్లగడ్డకు దగ్గర్లో ఒక పల్లెలో కేశవస్వామి గుడి వంట ఆయనది. ఆ వంటశాలను మడపల్లి అంటారు. తడిబట్టతో మడి కట్టుకొని కట్టెల పొయ్యి మీద నైవేద్యం వండడం తండ్రి నుంచి ఆయనకు వచ్చిన సేవ. వెంట భార్య రంగమ్మగారు వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చునేలోపే ఆమె సంగతంతా చెప్పేశారు.

"పోయినేడు ఉత్సవాల్లో పొయ్యి కాడ కూలబడినాడమ్మా. ఇద్దరు పట్టుకొని లేపినారు. ఈ తూరి గూడ అట్లే అయితే వంట దాయాదులకిస్తామని గుడి పెద్దలు చెప్పేసినారు."

"లేపింది ఒక్కడే. రెండోవాడు చూస్తా నిలబడినాడు" అన్నారు స్వామి. ఆ మాట నవ్వుతూనే అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "వంట పోతే నేను యాడికి పోవాలమ్మా? నాకొచ్చిందదొకటే" అన్నారు.

మోకాలి కీలులో ఎముకల చివర నున్నటి పొర ఉంటుంది. దాన్ని కార్టిలేజ్ అంటాం. అది అరిగి, కీలు నొప్పి పెట్టి బిగుసుకుపోయే జబ్బు ఆస్టియో ఆర్థరైటిస్. ఆయన ఎక్స్‌రేలో అరుగుదల ఉంది కానీ ఆపరేషన్ దాకా రాలేదని డాక్టరుగారు రాశారు. తొడ ముందువైపు కండరం క్వాడ్రిసెప్స్. అది బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. దానికి వ్యాయామాలు నేర్పాను. కొంచెం బరువు తగ్గమన్నాను. గొంతుక్కూర్చోవద్దని గట్టిగా చెప్పాను.

వారం వారం బస్సులో వచ్చేవారు. నేర్పినవి తప్పులేకుండా చేసి చూపించేవారు. నొప్పి మాత్రం ఇసుమంత తగ్గలేదు. నాకేమీ అర్థం కాలేదు.

ఒకరోజు వ్యాయామం మధ్యలో ఆగి, "స్టెమ్ సెల్స్ అంటే ఏందమ్మా?" అని అడిగారు.

పెద్ద ఊరి క్లినిక్ వాళ్లు ఆళ్లగడ్డలో క్యాంపు పెట్టారట. మోకాలిలోకి ఒక సూది వేస్తే అరిగిన పొర పసిబిడ్డ మోకాలిలో మాదిరి మళ్లీ మొలుస్తుందని చెప్పారట. రమ్మని రోజు కూడా ఇచ్చారు.

"మొలిస్తే మంచిదే కదా స్వామీ, ఎందుకలా ఉన్నారు?" అన్నాను.

"ఆ కణాలు బొడ్డుతాడు నుంచి తీసినవంట. యా ఊరి బిడ్డదో, ఎవరి బిడ్డదో. పురుడు పది దినాలకు వదులుతాది. ఇవి లోపలే ఉండిపోతాయి. మరి నాకు పురుడు ఎప్పుడు వదలాల? పురుటి మైలతో మడపల్లిలో కాలు పెట్టేదెట్ల?"

"ఆ క్యాంపులో అడిగితే అందరూ నగినారు" అన్నారు రంగమ్మగారు.

నాకు నవ్వు రాలేదు. మా నాయన చర్చిలో సంఘ కాపరి. నేను సండే స్కూల్లో పెరిగినదాన్ని, ఇప్పుడు అక్కడే పిల్లలకు చెబుతున్నదాన్ని. ఎవరిదో రక్తం ఎక్కించుకున్నాక ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవచ్చా అని మా సంఘంలో ఒక పెద్దావిడ ఇలాగే అడిగింది. దేవుని ఎదుట నిలబడాలనుకునే మనిషికి ఒళ్లు ఉత్త ఒళ్లు కాదు.

తెలిసినంత చెప్పాను. స్టెమ్ సెల్స్ అంటే రకరకాల కణాలుగా మారగలిగిన మూలకణాలు. కొందరికి నొప్పి తగ్గిందంటున్నారు. కొత్త పొర మొలుస్తుందని గట్టిగా చెప్పే రుజువు నేను చూడలేదు. ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు. మా డాక్టరుగారినీ అడిగాను. ఆయనా ఆ మాటే అన్నారు. "మైల సంగతి నేను చెప్పగలిగేది కాదు స్వామీ. మీ పెద్దలనడగండి" అన్నాను.

అన్నాక భయమేసింది. మైల లేదని పెద్దలంటే ఈయన వాళ్లు చెప్పిన రోజుకు పోయి సూది వేయించుకుంటారు. తగ్గకపోతే?

అప్పుడు తోచింది, ఇన్ని వారాల్లో నేనొకటి అడగనే లేదని. "పొయ్యి ముందు ఎలా కూర్చుంటారో ఒకసారి చూపించండి" అన్నాను.

స్వామి పంచె పైకి లాక్కొని నేల మీద మడమలపై గొంతుక్కూర్చున్నారు. ఒక మోకాలు పక్కకు తిప్పి, లేని గుండిగను రెండు చేతులా పట్టి, సగం లేచి, నడుము తిప్పి పక్కన దించారు. మోకాలికి అంతకంటే కష్టమైన భంగిమ వెతికినా దొరకదు.

"గొంతుక్కూర్చోవద్దని చెప్పాను కదా స్వామీ!"

ఆయన నొచ్చుకున్నారు. "ఇంట్లో ఒక్కనాడన్నా కూర్చుంటే అడుగమ్మా ఈమెను. అన్నం గూడ బల్ల మీదే తింటాండా."

"మరి గుడిలో?"

"గుడిలో ఈ ఒళ్లు నాదా? స్వామిది. ఆడ వైద్యం లెక్క యాడిది?"

రంగమ్మగారు తల పట్టుకున్నారు. "అందరికీ చెప్తాడు, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేస్తాండా అని!"

నిజంగానే చేస్తున్నారు. నా మాట మడపల్లి గడప దాటి లోపలికి పోకూడదని మాత్రం ఆయన లెక్క. లోపల రోజూ కొన్ని గంటలు అలా కూర్చుంటే బయట చేసే వ్యాయామం ఏ మూలకు?

"నిలబడి వండకూడదా?"

"పొయ్యి నేల మీదుంది కదమ్మా. తాతల నాటి నుంచి నేల పొయ్యే."

మా ఇంట్లో ఎవరేం చెప్పినా మా నాయన, "అది దేవుని వాక్యంలో ఉందా, మన అలవాటులో ఉందా?" అనేవారు. ఆ ప్రశ్నే నా నోట వచ్చింది. "పొయ్యి నేల మీదే ఉండాలని మీ గ్రంథాల్లో ఉందా స్వామీ, లేక మొదట కట్టినాయన అలా కట్టాడా?"

స్వామి కుర్చీ పట్టుకొని మెల్లగా లేచారు. "అడగాల" అన్నారు చివరికి.

రెండు ప్రశ్నలూ పట్టుకొని అహోబిలంలో ఒక వృద్ధ పండితుడి దగ్గరికి వెళ్లారు. తర్వాతి వారం రాలేదు. ఆదివారం ఆరాధనలో పాట పాడుతున్నా నా మనసు ఆయన మోకాళ్ల మీదే ఉంది. నా రోగి పూజించే దేవుడు నా దేవుడు కాడు. కానీ ఆ మోకాళ్లను చేసినవాడు ఒక్కడేనని నా విశ్వాసం. ఆ దేవునికే మొరపెట్టుకున్నాను.

పై వారం తలుపు తోసుకుంటూనే స్వామి అన్నారు: "ఎత్తు సంగతి యాడా లేదంటమ్మా! అగ్ని శుద్ధిగా ఉండాల, వండేవాడు శుద్ధిగా ఉండాల. పొయ్యి నడుమెత్తు ఉంటే దేవుడొద్దంటాడా, అని నన్నే తిట్టినాడు."

"మరి బొడ్డుతాడు?"

"దానికీ తిట్టినాడు. మొదలు పొయ్యి లేపురా, దాంతో కాకుంటే అప్పుడొచ్చి అడుగు, నేనూ గ్రంథాలు చూస్తా అన్నాడు."

ఆ రోజు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. గుడి పెద్దలు ఒప్పుకున్నారు. పొయ్యిని నడుమెత్తుకు లేపి కట్టించారు. గుండిగలు దించడానికి పక్కనే అంతే ఎత్తున రాతి అరుగు వేయించారు. శుద్ధి చేసి మళ్లీ నిప్పు రాజేశారు. క్లినిక్ వాళ్లు ఇచ్చిన రోజు దానంతటది దాటిపోయింది.

నొప్పి మెల్లగా దిగింది. ఆ తర్వాత తీసిన ఎక్స్‌రేలో అరుగుదల ముందున్నట్టే ఉంది. కొత్త పొరేమీ మొలవలేదు. కానీ స్వామి చేతి ఆసరా లేకుండా కుర్చీలోంచి లేస్తున్నారు. ఉత్సవాలు ముగిసిన సాయంత్రం రంగమ్మగారు ఫోన్ చేశారు. "అన్ని దినాలూ నిలబడే వండినాడు డాక్టరమ్మా. దాయాదులొచ్చి వడ్డన చేసి పోయినారు, అంతే!" ఫోన్ పెట్టేసి ఆసుపత్రి మెట్ల మీదే కూర్చొని ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను.

తర్వాత స్వామి ఒక డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పులిహోర. నేను ఇబ్బంది పడడం ఆయన చూశారు.

"గుడిది కాదమ్మా. మీరు నైవేద్యం తినరని ఈడ చెప్పినారు. ఇంట్లో వేరే పొయ్యి మీద చేసినా. దేవునికి చూపించలే."

"అయితే మీరూ తీసుకోండి."

"నివేదన కానిది నేను తినగూడదు. ఉప్పు సరిపోయిందో లేదో గూడ నాకు తెలీదు. మీరే చెప్పాల."

కళ్లు మూసుకొని ప్రార్థన చేసుకొని ఒక ముద్ద తిన్నాను. ఉప్పు సరిగ్గా ఉంది. చెప్పాను. స్వామి ముఖం వికసించింది.

ఇప్పటికీ స్టెమ్ సెల్స్ గురించి అడిగేవాళ్లు వస్తుంటారు. రేపు ఆ వైద్యం మరింత మెరుగవుతుందేమో, దేవుని చిత్తం. వాళ్లకు కాదనీ చెప్పను, ఔననీ చెప్పను. ముందు వాళ్లను లేపి, రోజంతా ఏ పని ఎలా చేస్తారో నా గదిలో చేసి చూపించమంటాను. తర్వాత, నా మాట చెల్లని చోటు ఏదైనా ఉందా అని అడుగుతాను. ఉందంటే, ఆ చోట ఎవరి మాట చెల్లుతుందో కనుక్కొని, ఆ పెద్దమనిషి దగ్గరికి రోగిని నేనే పంపిస్తాను.