బొట్టు పెట్టని కాగితం

మనిషి ఏడాదికి రెండుసార్లు మాత్రమే ఊపిరి పీల్చుకుని కూడా బతకగలడని ఆ రోజుల్లో నేను నిరూపించాను. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని మా రైల్వే క్వార్టర్స్ నుంచి సైకిలు తొక్కుకుంటూ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లి, ఒక ల్యాబులో ప్రాజెక్టు అసిస్టెంటుగా కూర్చునేవాణ్ణి. ఆరునెలలకోసారి ల్యాబు నడిపే ప్రొఫెసర్ సార్ సంతకం పెడితే ఉద్యోగం ఉన్నట్టు, పెట్టకపోతే వర్క్‌షాపులో ఫిట్టరైన నాన్న పెట్టే తిండి ఉన్నట్టు. సార్ రాయించిన సాఫ్ట్‌వేర్ రైలు పట్టాల్లో పగుళ్లు ఎలా పాకుతాయో లెక్కగడుతుంది. అది మూలనున్న ఒకే ఒక్క ముసలి లైనక్స్ కంప్యూటర్‌లో మాత్రమే కంపైల్ అయ్యేది, అంటే నడిచే ప్రోగ్రాముగా తయారయ్యేది. దాన్ని అలా సిద్ధం చేసింది గుంటూరు నుంచి పీహెచ్‌డీకి వచ్చిన సీనియర్. ఏమడిగినా "ఉందిలే" అంటాడు కాబట్టి ఆయన పేరు ఉందిలే అన్న. ఆ అన్న థీసిస్ ముగించుకుని వెళ్లిపోబోతున్నాడు. "ఖాళీ కంప్యూటర్‌లో మొదటినుంచి ఇది ఎలా నిలబెట్టాలో, ఏ లైబ్రరీలు కావాలో రాసిపెట్టు. ప్రాజెక్టు చూడ్డానికి విజిటర్లు వచ్చేసరికి ఆ కాగితం పనిచేస్తే నీకు ఇంకో ఆరునెలల ఎక్స్‌టెన్షన్," అన్నారు సార్.

లైబ్రరీలంటే పుస్తకాలవి కావు, సాఫ్ట్‌వేర్ అరువు తెచ్చుకునే చిన్న చిన్న ప్రోగ్రాములు. వాటి వ్యవహారం పెళ్లిపిలుపుల్లాంటిది. ఒకదాన్ని పిలిస్తే అది తన తోడల్లుడు రానిదే మెట్టెక్కదు. ఆ తోడల్లుడికి పాత వెర్షనంటేనే మర్యాద. నేను రోజూ కాగితం పట్టుకుని, "అన్నా, ఇది ఎక్కడినుంచి వచ్చినాది?" అని అడిగేవాణ్ణి. "ఉందిలేవయ్యా. వంటల పుస్తకం రాస్తున్నావా? ఆ మిషను నడుస్తోందిగా," అనేవాడు. "ఆ మిషను నడవని రోజేటి సేస్తాం?" అంటే, "శుభం పలకవయ్యా," అని టీకి వెళ్లిపోయేవాడు. (శుభం నేను పలకలేదు. పలకనందుకు ఇప్పటికీ చింతించడం లేదు.)

విజిటర్లు రానే వచ్చారు, సరిగ్గా విశ్వకర్మ పూజ రోజున. మా ఊళ్లో ఆ రోజు పనిముట్లకి సెలవు. పూజ అందుకున్న సుత్తిని మర్నాటిదాకా ఎవరూ ముట్టరు. పొద్దున్న లేచి చూద్దును కదా, నాన్న స్పానర్ల పక్కన నా లాప్‌టాప్ కూడా బొట్టుతో, బంతిపూలతో కొలువుదీరి ఉంది.

"నాన్నా, ఈరోజు నా ఉద్యోగం తేలిపోతాది!"

"పనిముట్టన్నాక పనిముట్టేరా. మా లేత్ మిషనుకే సెలవిచ్చినారు, నీ పెట్టెకేటి తీపరం, ఒక్కరోజు ఆగలేదా?"

సరే, కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయల్దేరాను. ల్యాబులో ముసలి కంప్యూటర్‌కీ దండ పడింది. దానిముందు మా అటెండెంట్ దాదా చేతులు కట్టుకుని నిలబడి, "ఆజ్ హాత్ దేబేన్ నా," అంటున్నాడు. చెయ్యి వెయ్యొద్దని. ఉందిలే అన్న నన్ను పక్కకి లాగి, "నువ్వీ ఊరివాడివేగా, నచ్చజెప్పు. దండ తీసి మళ్లీ వేసేద్దాం," అన్నాడు.

"సెప్పను."

"ఏంటీ?"

"నానే కాదు, నువ్వు కూడా తియ్యకూడదన్నా. కాగితం ఉంది కదా? అదిగో, కొత్త కంప్యూటరు." దాని అట్టపెట్టె ఇంకా విప్పలేదు. పనిలో దిగనిది పనిముట్టు కాదని దాదా ఒప్పుకున్నాడు. (శాస్త్రం ఇలాంటి సందులు ఎప్పుడూ ఉంచుతుంది.)

సార్ నావైపు చూశారు. నేను ఇంకో అడుగు ముందుకేశాను. తెలివైనవాడు వెనక్కి వేసే చోటది. "నేను కీబోర్డు ముట్టుకోను సార్. రాసినవాడే చేయగలిగితే అది రాసినట్టు కాదు. అన్న చేస్తాడు, కాగితం చూసి."

అన్న ఒక్కో లైనూ పురాణంలా రాగం తీసి చదువుతూ కొట్టాడు. లైనక్స్ ఎక్కింది. లైబ్రరీలు తోడల్లుళ్లతో సహా దిగాయి. కంపైల్ మొదలైంది, ఆగింది. ఏదో లైబ్రరీ కనబడలేదని తెరమీద ఎర్రటి అక్షరాలు. నాలో ఆరునెలల ఊపిరి ఆగింది.

"చూశారా సార్! రాయలేదు!" అన్నాడు అన్న.

"పేరేటన్నా అది?"

అన్న పేరు చదివాడు. మళ్లీ, ఈసారి రాగం లేకుండా చదివాడు. అది బయట దొరికేది కాదు. మొదటి ఏడాదిలో తానే రాసుకుని, ముసలి కంప్యూటర్‌లో తన సొంత ఫోల్డర్‌లో పెట్టి మరిచిపోయింది. "అది... ఉంది," అన్నాడు, చివరి "లే" లేకుండా.

పెన్ను ఇచ్చాను. "రాయన్నా."

రాశాడు. దాని పాత కాపీ ఒకటి తన లాప్‌టాప్‌లో వెతికితే దొరికింది, తీసి ఇచ్చాడు (గుంటూరు లాప్‌టాప్‌కి పూజ జరగలేదు). కొత్త కంప్యూటర్ పట్టాల పగుళ్లు లెక్కగట్టింది. విజిటర్లు వర్క్‌షాపులో పూజా ఖిచుడీ తిని వచ్చారేమో, తెరవైపు చూసి మర్యాదగా ఆవులించారు. సార్ మాత్రం కాగితం రెండువైపులా చదివి సంతకం పెట్టారు.

ఇంటికెళ్లి చెబితే, "మరి? బొట్టెట్టింది ఎవులు?" అన్నాడు నాన్న.

ఇప్పుడు ఎన్నో ఉద్యోగాల తర్వాత కూడా ఏటా ఆ పూజనాడు నా లాప్‌టాప్‌కి బొట్టు పెట్టి మూసేస్తాను. పక్కన నాలుగు మడతలు పడ్డ ఆ కాగితం కూడా ఉంటుంది. దాన్ని చూస్తే, సార్‌తో అంత మాట అనేసిన ఆ కుర్రాడిమీద నవ్వొస్తుంది. కానీ ఆ కాగితానికి మాత్రం బొట్టు పెట్టను. ఆ రోజు కూడా పనిచేయాల్సింది అదొక్కటే.