ఎవరూ తీసుకుపోని గిర్ని

మా ఇంటి ముందుగదిలో రెండు గిర్నీలు ఉన్నాయి. ఒకటి పిండి పట్టేది, ఒకటి కారం పట్టేది. కాగజ్‌నగర్ కాగితం మిల్లు మూతపడినప్పుడు మా ఆయన పని పోయింది. ఆ నాలుగేళ్లూ ఇల్లు నడిపింది ఈ గిర్నీలే. మిల్లు మళ్లీ తెరిచాక ఆయనకు కాంట్రాక్టు పని దొరికింది గానీ, ఆ జీతం మీద ఇల్లు గడవదు. మిరపకాయల కాలం వచ్చిందంటే మా వాకిట్లోంచి రోడ్డు దాకా సంచులు ఉండేవి. ముక్కుకు కొంగు చుట్టుకుని పొద్దంతా పట్టేదాన్ని.

అలా పట్టీ పట్టీ దగ్గు అంటుకుంది. మంచిర్యాలలో డాక్టరు ఛాతీ ఫొటో తీయించి చూసి, కారం దుమ్ములో ఇక నిలబడొద్దన్నాడు. పిండి గిర్ని ఉంచుకుని కారం గిర్ని అమ్మేద్దామని ఇద్దరం అనుకున్నాం. ఊళ్లో అడిగినవాళ్లు పాత ఇనుము ధర చెప్పారు. పాత సామాన్లు అమ్ముకునే యాప్ ఉందని మా ఆడబిడ్డ చెప్పింది. తనే ఫొటోలు తీసి, నా నంబరు వేసి పెట్టింది. ముప్పై వేలని రాశాం.

ఇలాంటి చోట్ల మోసాలు జరుగుతాయని నాకు తెలియక కాదు. మా పొదుపు సంఘంలో ఒకామె కుట్టు మిషన్ అమ్మబోయి మోసపోయింది. కొనేవాడు ఎక్కువ పడ్డాయని చెప్పి, బ్యాంకు నుంచి వచ్చినట్టే ఒక మెసేజ్ పంపాడు. ఆమె ఆ మెసేజ్ నమ్మి, మిగిలినవి వాపసు పంపింది. ఖాతాలో చూస్తే అసలు ఏమీ పడలేదు. ఆ సంగతి సంఘంలో అందరికీ తెలుసు. మెసేజ్‌ను నమ్మొద్దు, ఖాతాలో చూసుకోవాలి అని మేమందరం ఒకరికొకరం చెప్పుకున్నాం.

నాకు ఫోన్ చేసినతను కరీంనగర్ నుంచి మాట్లాడుతున్నానన్నాడు. గొంతు మెత్తగా ఉంది. అక్కా అని పిలిచాడు.

"మా తమ్మునికి దుకాణం పెట్టిస్తున్న అక్కా. మోటరు ఎంత హెచ్‌పీ? జాలీలు ఎన్ని ఇస్తరు?"

జాలీ అంటే గిర్ని లోపలి జల్లెడ; కారం సన్నగా రావాలంటే ఒకటి, పసుపుకు ఇంకొకటి వెయ్యాలి. ఆ ముక్క అడిగాడంటే పని తెలిసినవాడే అనుకున్నాను. బాగా నడుస్తుందో లేదో చూడాలని వీడియో అడిగితే, గుప్పెడు మిరపకాయలు పోసి పట్టి మరీ తీసి పంపాను. ఇంకో నాలుగు ఫొటోలు అడిగాడు. అవీ పంపాను. బేరం పెద్దగా చెయ్యలేదు.

ఒక మధ్యాహ్నం పైసలు పడ్డట్టు మెసేజ్ వచ్చింది. ముప్పై కాదు, నలభై అయిదు వేలు. ఆ వెంటనే అతని ఫోన్.

"అక్కా, ఒక తప్పయింది. ఇంకో పార్టీకి ఏసేటియి గూడ మీకే పడ్డయ్. పదిహేను వేలు జర వాపస్ ఏయున్రి."

"నేను బ్యాంకుల చూసినంకనే ఏస్త" అన్నాను.

"చూసుకోన్రి అక్కా. తొందరేం లేదు. గీ రోజులల్ల ఎవల్ని నమ్మేటట్టున్నది?"

మర్నాడు బ్యాంకుకు పోయి కౌంటర్లో అడిగాను. "వచ్చినయమ్మా, నలభై అయిదు వేలు నిజంగనే ఉన్నయ్" అన్నాడు ఆ అబ్బాయి. నాకు ఎంత నిమ్మళమైందో! ఇంటికి వచ్చి, పైసలు వచ్చిన నంబరుకే తిరిగి వేస్తానని చెప్పాను. అది తన మామ ఫోనని, దానికి ఆ రోజు లిమిట్ అయిపోయిందని, తన నంబరుకే వెయ్యమని అన్నాడు. అన్ని రోజులూ మాట్లాడింది ఆ నంబరుతోనే కదా అని పదిహేను వేలూ పంపించాను. "చానా మంచోళ్లక్కా మీరు" అన్నాడు. ఆదివారం ట్రాలీ ఆటో పంపి గిర్ని తీసుకుపోతానన్నాడు.

ఆదివారం పొద్దున బెల్టు ఊడదీసి, మిషన్‌ను గుడ్డతో తుడిచి, మా ఆయనా నేనూ కలిసి గుమ్మం దాకా జరిపాం. ఎవరూ రాలేదు. ఫోన్ చేస్తే బంద్ ఉంది. రెండో రోజూ అంతే.

"పైసలిచ్చి సామాను ఇడిచిపెట్టెటోడు యాడన్న ఉంటడా?" అన్నాడు మా ఆయన. "ఆ ముప్పై వేలు ముట్టకు. ఏదో ఉన్నది దీంట్ల."

ముట్టే వీలు కూడా లేకపోయింది. బియ్యం కొందామని ఏటీఎంలో కార్డు పెడితే పైసలు రాలేదు. ఏదో మిషన్ చెడిందనుకుని ఇంకో చోట పెట్టాను. అక్కడా అంతే. బ్యాంకులో ఆఫీసరు కంప్యూటర్ చూసి, కళ్లద్దాలు తీసి నా దిక్కు చూశాడు.

"మీ ఖాతా బంద్ అయిందమ్మా. మేము చేసింది కాదు. మహారాష్ట్ర పోలీసుల నుంచి వచ్చింది. మోసం చేసిన పైసలు మీ ఖాతల పడ్డయంట."

"అండ్ల మా ఆయన జీతం గూడ ఉన్నది సారు. నేను గిర్ని అమ్మిన. చూసుకోని, ఎక్కువచ్చినయి వాపస్ గూడ ఇచ్చిన."

"మీరు చెప్పేది అర్థమైతున్నదమ్మా. కని మొత్తం ఆగింది. వాళ్లు రాసిస్తేనే మేము తెరుస్తం."

కౌంటర్ దగ్గరి ఆ అబ్బాయి తల వంచుకుని ఏదో రాసుకుంటున్నాడు. అతను చెప్పినదీ నిజమే. పైసలు నిజంగానే వచ్చాయి. అవి ఎవరి పైసలో తెలుసుకోవాలన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

ఎవరివో వారం తిరగకముందే తెలిసింది. ఒక ముసలాయన ఫోన్ చేశాడు. మరాఠీ కలిసిన తెలుగు. మా అవ్వది మహారాష్ట్ర అంచున ఉన్న బోథ్ దిక్కు కాబట్టి నాకు ఆ మాట కొత్త కాదు.

"తాయీ, నా గిర్ని ఎప్పుడు పంపుతవ్? పైసలు తీస్కోని బీ ఇట్ల చేస్తర?"

తాయీ అంటే అక్క. సరిహద్దు అవతల మహారాష్ట్రలో, కిన్వట్ దగ్గరి పల్లె ఆయనది. వాళ్ల ఊళ్లో గిర్ని లేదు. కోడలి చేత పెట్టిద్దామని పత్తి అమ్మిన పైసలు దాచాడు. ఫోన్లో కారం గిర్ని ఫొటోలు చూశారు. నడుస్తున్న వీడియో చూశారు. నలభై అయిదు వేలన్నాడట అమ్మేవాడు. తన వదిన పేరు మీద వెయ్యమని నా నంబరు ఇచ్చాడట. వేశారు. గిర్ని రాలేదు. కొడుకు పోయి పోలీసులకు ఫిర్యాదు చేశాడు. ఖాతా నాది కాబట్టి దొంగను నేనే.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆయన వినలేదు. తిట్టాడు. తిట్టి తిట్టి చివరికి ఏడ్చాడు. "కాకా, ఒక్కసారి మా ఇంటికి రా. వచ్చి చూసినంక ఏమన్న అను" అన్నాను.

నిజంగా వస్తాడనుకోలేదు. ఆదిలాబాద్ దాకా వచ్చి, అక్కడి నుంచి బస్సులు మారి వచ్చాడు. తెల్ల టోపీ, చేతిలో గుడ్డసంచి. గుమ్మంలో నిలబడి గిర్నిని చూశాడు. దగ్గరికి పోయి, మిరపకాయలు పోసే చోట చెయ్యి పెట్టి తడిమాడు.

"హో, ఇదే. ఈ నీలి గోడ బీ ఇదే" అన్నాడు.

చాయ్ ఇచ్చాను. వీడియో పంపిన నా ఫోన్ చూపించాను. బ్యాంకు సంగతి చెప్పాను. మా ఆయనతో కలిసి ముగ్గురం కూర్చుని నెమ్మదిగా లెక్క కలిపాం. ఆయన ఇచ్చిన దాంట్లో పదిహేను వేలు దొంగకు పోయాయి. ముప్పై వేలు నా ఖాతాలో చిక్కుకున్నాయి. గిర్ని మా ముందే ఉంది. దొంగ ఆయనకు నా గిర్నిని, నాకు ఆయన పైసలను చూపించి, మధ్యలోంచి పోయాడు.

"మంచిది తాయీ. పదిహేను వేలు పోతే పోనీ. గిర్ని నాకిచ్చెయ్. ఆ ముప్పై నువ్వు తీస్కో" అన్నాడు.

నాకు సరే అనిపించింది. మా ఆయన అడ్డం పడ్డాడు.

"ఇస్తం కాకా. రేపు కోర్టు, పైసలు గూడ ఫిర్యాదు చేసినోళ్లకే ఇయ్యమంటది. మాకు మిషనూ పాయె, పైసలూ పాయె. అప్పుడెట్ల?"

"నేను అట్ల చేసేటోణ్ణి కాదు భావూ" అన్నాడు ముసలాయన, తమ్ముడూ అన్నట్టు.

"నువ్వు చెయ్యవు. నీ కొడుకున్నడు, పోలీసులున్నరు. నీ చేతుల ఏమున్నది?"

మా ఆయన మాటలో తప్పు లేదని ముసలాయనకూ తెలిసింది. నాకూ తెలిసింది. చివరికి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే ఖాతా తెరుస్తారేమో అడుగుదామని అనుకున్నాం. ఆయన పోయేటప్పుడు గిర్ని మీద ఒక గోనెసంచి కప్పి పోయాడు, దుమ్ము పడకుండా.

ఆ తర్వాతి వారం నేనూ మా ఆయనా వాళ్ల దిక్కు పోలీస్ స్టేషన్‌కు పోయాం. ఆ ముసలాయన గేటు దగ్గరే నిలబడి మా కోసం చూస్తున్నాడు. లోపల ఆఫీసరు కాగితం చూసి, నన్ను చూసి, "ఈమేనా?" అని అడిగాడు. స్టేషన్‌లో ఉన్నవాళ్లంతా నా దిక్కు తిరిగారు. నన్ను పక్కకు నిలబడమన్నారు. ఆధార్ అడిగారు. ఫోన్ తీసుకుని చూశారు.

"సాహెబ్, ఈమె కాదు. నేను వాళ్ల ఇల్లు చూసిన" అన్నాడు ముసలాయన మరాఠీలో.

"ఖాతా ఎవరిది?"

"ఈమెదే, కని..."

"మరి ఈమెనే."

ఫిర్యాదు ఇష్టం వచ్చినప్పుడు పెట్టి, ఇష్టం వచ్చినప్పుడు తీసుకునేది కాదన్నాడు. పైసలు వదలాలంటే కోర్టు చెప్పాలన్నాడు. వకీలును పెట్టుకోమన్నాడు. పదిహేను వేలు పోయిన ఆ ఇంకో నంబరు సంగతి ఏమిటని మా ఆయన అడిగాడు. అది ఎక్కడో దూర రాష్ట్రంలోని ఎవరో కూలివాడి పేరు మీద ఉందట. ఆ కూలివాడికి కూడా ఏమీ తెలియదట. ఆ మాట విన్నప్పుడు నాకు కోపం కూడా రాలేదు. బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాం. ముసలాయన గుడ్డసంచిలోంచి జొన్నరొట్టెలు తీసి మాకు పెట్టాడు. తిన్నాం.

ఒక వకీలును అడిగాం. ఆయన చెప్పిన ఫీజు విని లేచి వచ్చాం. కాగజ్‌నగర్ పోలీసులు మంచిగానే మాట్లాడారు, కానీ కేసు అక్కడిది అన్నారు.

సంఘం అప్పు కిస్తీ ఆ ఖాతా నుంచే పోతుండేది. అది ఆగింది. మొదటి నెల మిగతావాళ్లు తలా కొంచెం వేసి కట్టారు. రెండో నెల కూడా కట్టారు. మూడో నెల మీటింగ్‌లో, కుట్టు మిషన్ పోగొట్టుకున్న ఆమె అడిగింది.

"అందరికి చెప్పినవ్ గదక్కా, ఖాతా చూసుకోన్రని. నువ్వు చూడలేదా?"

"చూసిన" అన్నాను.

ఎవరూ నమ్మినట్టు అనిపించలేదు. వాళ్లు నా కోసం కట్టిన కిస్తీలు తీర్చడానికి మళ్లీ కారం గిర్నికి బెల్టు వేశాను. మా ఆయన వద్దన్నాడు. వద్దంటే ఏం చెయ్యాలో ఆయనా చెప్పలేదు. అమ్మకం ప్రకటన ఇంకా యాప్‌లో ఉంది. మొన్న చెన్నూరు నుంచి ఒకామె అడిగింది. పైసలు ఫోన్లో పంపుతానంది. నా పేరు మీద ఏం పడ్డా బయటికి రాదు. మా ఆయన జీతం కోసం తెరిచిన కొత్త ఖాతాలో వేయించుకోవడానికి నాకు ధైర్యం లేదు, ఆమె వెనక ఇంకెవరి పైసలు ఉన్నాయో ఎవరికి తెలుసు? నగదు తెచ్చుకొమ్మన్నాను. "అంత నగదు ఎవలింట్ల ఉంటదమ్మా, నువ్వేమన్న మోసం చేస్తున్నవా?" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ముసలాయన వారానికోసారి ఫోన్ చేసేవాడు. కోర్టు సంగతి అడగడానికి మొదలుపెట్టి, వానల సంగతి, నా దగ్గు సంగతి కూడా అడిగేవాడు. పోయిన నెల చేసినప్పుడు గొంతు చాలా చిన్నగా వినిపించింది.

"తాయీ, పోరడు, కోడలు చెరుకు కొట్టుడుకు పోయిన్రు. పిల్లల్ని బీ తీస్కపోయిన్రు. ఇగ గిర్ని వచ్చినా నడిపేటోళ్లు లేరు. నా కోసం ఉంచకు. ఎవలకన్న అమ్ముకో."

"నీ పైసలో, కాకా?"

ఆయన వెనక ఎక్కడో మేక అరుస్తోంది.

"కోర్టు ఇస్తే ఇస్తది" అన్నాడు. "నువ్వు మందులు తీస్కుంటున్నవా?"

తీసుకుంటున్నానని చెప్పాను. మందులు ఆపి అప్పటికి చాలా రోజులైంది. ఆ తర్వాత ఆయన ఫోన్ రాలేదు. నేను రెండుసార్లు చేశాను, ఎత్తలేదు.